ల్యాప్‌టాప్ ఎంపిక

ల్యాప్‌టాప్ ఎంపిక అంటే కొత్త ల్యాప్‌టాప్ కంప్యూటరు కొనేటప్పుడు దాని హార్డువేరును, అందులో వాడే ఆపరేటింగ్ సిస్టమును అవసరానికి తగినట్లు నిర్ణయించుకోవడం. ఈ రెండు నిర్ణయాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. కొన్ని సాఫ్టువేర్లు ఒక ఆపరేటింగ్ సిస్టములోనే పనిచేస్తాయి. కొన్ని ఆపరేటింగ్ సిస్టములు కొన్ని రకాల హార్డువేరుపైననే నడుస్తాయి. ఆపరేటింగ్ సిస్టమును చాలా ల్యాప్‌టాప్‌లలో తరువాత కూడా మార్చుకోవచ్చు. తెర, ప్రాసెసరు, కొన్ని నమూనాలలో ర్యామ్ మాత్రం కొన్నాక మార్చడానికి వీలుకాదు. అందువలన మార్చలేని భాగాల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

నేపథ్యం

హత్నూర తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. సంగారెడ్డి, నర్సాపూర్ పట్టణాలు దీనికి దగ్గరలో ఉన్నాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలలో మందులు, రసాయనాలు, యంత్రభాగాలు తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. నర్సాపూర్‌లోను, సుల్తాన్‌పూర్‌లోను ఇంజనీరింగు కళాశాలలు, కందిలో హైదరాబాదు ఐఐటీ ఉన్నాయి.

ఇటువంటి ప్రాంతంలో ల్యాప్‌టాప్ కొనే కుటుంబాలలో చాలావాటికి అది ఇంట్లో మొదటి కంప్యూటరు. డిప్లొమాకు మూడేళ్ళు, ఇంజనీరింగుకు నాలుగేళ్ళు అదే యంత్రం పనిచేయవలసి ఉంటుంది. ఎంపికలో పొరపాటు జరిగితే మరొకటి కొనే స్తోమత అందరికీ ఉండదు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఈ ప్రాంతపు అవసరాలను దృష్టిలో ఉంచుకొని ఇచ్చినవి.

ఎంపిక క్రమం

దుకాణంలో సాధారణంగా ముందుగా ధర, తరువాత కంపెనీ పేరు, చివరకు ఆపరేటింగ్ సిస్టమ్ చర్చకు వస్తాయి. దీనికి భిన్నంగా క్రింది వరుసను పాటించడం మేలు.

1. ల్యాప్‌టాప్‌తో చేయవలసిన పనులు ఏమిటో వ్రాసుకోవడం.
2. ఆ పనులకు తప్పనిసరిగా కావలసిన సాఫ్టువేర్లను గుర్తించడం.
3. ఆ సాఫ్టువేర్లు ఏ ఆపరేటింగ్ సిస్టములో పనిచేస్తాయో చూడడం.
4. ఆ ఆపరేటింగ్ సిస్టము, ఆ సాఫ్టువేర్లు సాఫీగా నడవడానికి కావలసిన హార్డువేరును నిర్ణయించడం.
5. చివరకు ధర, వారంటీ, సర్వీసు సదుపాయం పోల్చుకోవడం.

ఆపరేటింగ్ సిస్టములు

విండోస్

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ భారతదేశంలో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. విండోస్ 11 2021 అక్టోబరు 5న విడుదలైనది. దీనికి కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ, సెక్యూర్ బూట్ సౌకర్యం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. ఇవి వ్యవస్థ మొదలుకావడానికి చాలిన కనీస ప్రమాణాలు మాత్రమే. 4 గిగాబైట్ల ర్యామ్‌తో విండోస్ 11ను రోజువారీ పనికి వాడడం కష్టం.

పరిశ్రమలలో ఉద్యోగం ఆశించే విద్యార్థులకు విండోస్ తప్పనిసరి కావచ్చు. లెక్కల విభాగంలో వాడే టాలీ, యంత్రభాగాల నమూనాలు గీసే సాలిడ్‌వర్క్స్, కర్మాగార యంత్రాలను నియంత్రించే పీఎల్‌సీలకు ప్రోగ్రాములు వ్రాసే సీమెన్స్ టీఐఏ పోర్టల్ విండోస్ కొరకు తయారైనవి. ఆటోక్యాడ్ విండోస్‌లోను, మ్యాక్‌లోను దొరుకుతుంది.

గ్నూ/లినక్స్

లినక్స్ కెర్నల్ 1991లో మొదలైనది. దానిపై ఆధారపడిన డెబియన్, ఉబుంటు, ఫెడోరా, లినక్స్ మింట్ మొదలైన పంపిణీలను ఉచితంగా తెచ్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, మార్చుకోవచ్చు. ఉబుంటు దీర్ఘకాలిక మద్దతు విడుదలలు రెండేళ్ళకొకసారి వస్తాయి. వాటికి ఐదేళ్ళపాటు ఉచిత నవీకరణలు లభిస్తాయి. అనగా ఒక విడుదల ఇంజనీరింగు చదువు మొత్తానికి సరిపోతుంది.

కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు కావలసిన కంపైలర్లు, పైథాన్, డేటాబేసులు, వెబ్ సర్వర్లు లినక్స్‌లో సులభంగా లభిస్తాయి. పత్రాలు, పట్టికలు, ప్రదర్శనల కొరకు లిబ్రే ఆఫీస్ ఉన్నది.

తెలుగువారి వైపు నుండి ఈ రంగంలో చెప్పుకోదగినది స్వేచ్ఛ. హైదరాబాదు కేంద్రంగా స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఈ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించింది. మెనూలు, ఆదేశాలు తెలుగులో కనిపించేటట్లు గ్నూ/లినక్స్‌ను అనువదించడం దీని ప్రధాన కృషి. పిల్లల కొరకు బాల స్వేచ్ఛ అనే రూపాన్ని కూడా తయారుచేసింది. కేంద్రప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్‌లో కూడా తెలుగు ఉన్నది.

మ్యాక్, క్రోమ్

మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమును ఆపిల్ సంస్థ తన కంప్యూటర్ల కొరకే తయారుచేస్తుంది. 2020 నుండి ఆ సంస్థ ఎం1, ఆ తరువాతి సొంత చిప్పులను వాడుతున్నది. వీటిలో ర్యామ్ చిప్పుతో కలిసి ఉండటంచేత తరువాత పెంచడానికి వీలులేదు. విండోస్‌ను నేరుగా స్థాపించుకోవడం కూడా వీటిలో సాధ్యం కాదు. క్రోమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధానంగా అంతర్జాలంపై ఆధారపడినది. ఇంటర్నెట్ నిలకడగా లేని గ్రామాలలో దీని ఉపయోగం పరిమితం.

తెలుగు వాడకం

యూనికోడులో తెలుగు లిపికి 128 స్థానాల వరుస కేటాయించారు. అయితే సంకేతాలు ఉన్నంత మాత్రాన లిపి సరిగా కనిపించదు. ఒత్తులను, గుణింతాలను సరైన చోట అమర్చే పని ఆపరేటింగ్ సిస్టమ్, ఖతి కలిసి చేయాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉండేది. కాని సంక్లిష్ట లిపుల మద్దతును వాడుకరి స్వయంగా స్థాపించుకోవలసి వచ్చేది. ఆ తరువాతి విండోస్‌లలో ఈ అవసరం తొలగింది. లినక్స్ పంపిణీలలో లోహిత్ తెలుగు, నోటో ఖతులు లభిస్తాయి.

ఈ అమరిక ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన తెలుపుతుంది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక సంకేత క్రమంలో పంపినప్పుడు, దానిని చూపించబోయి ఆపిల్ ఫోన్లలోను, మ్యాక్ కంప్యూటర్లలోను అనువర్తనాలు ఆగిపోయాయి. అదే నెలలో ఆ సంస్థ సవరణలు విడుదల చేసింది.

తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక విండోస్, లినక్స్ రెండింటిలోను ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతులు కూడా ఉన్నాయి.

ముద్రణ, డీటీపీ పని చేసేవారు మరొక విషయం గమనించాలి. ఈ దుకాణాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అను ఖతులు యూనికోడు పద్ధతివి కావు. వాటికి విండోస్ అవసరం. ఆ ఖతులు లేని కంప్యూటరులో ఆ పాఠం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తుంది. డీటీపీ పని నేర్చుకొని ఉపాధి పొందదలచినవారు ఆపరేటింగ్ సిస్టమును ఎంచుకునేముందు ఈ సంగతి చూసుకోవాలి.

హార్డువేరు

ప్రాసెసరు: ఇంటెల్, ఏఎండీ సంస్థల ప్రాసెసర్లపై విండోస్, లినక్స్ రెండూ నడుస్తాయి. "ఐ5", "రైజెన్ 5" వంటి పేరు ఒక్కటే చాలదు. అది ఏ తరానికి చెందినదో కూడా చూడాలి. పాత తరపు ఐ7 కంటే కొత్త తరపు ఐ5 మెరుగుగా ఉండవచ్చు. 2024 నుండి క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్లతో కూడా విండోస్ ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. వీటి నిర్మాణం వేరు కాబట్టి ఇంటెల్ రకానికి వ్రాసిన సాఫ్టువేర్లు అనుకరణ ద్వారా నడుస్తాయి. పరికరాల డ్రైవర్లు మాత్రం దీనికోసం ప్రత్యేకంగా తయారై ఉండాలి. పీఎల్‌సీ కేబుళ్ళు, పాత ప్రింటర్లు వాడేవారు ముందుగా విచారించుకోవాలి.

ర్యామ్: సాధారణ పనులకు 8 గిగాబైట్లు కనీసం. నాలుగేళ్ళు వాడదలచినవారికి, క్యాడ్ లేదా వర్చువల్ మెషీన్లు నడిపేవారికి 16 గిగాబైట్లు తగినవి. ర్యామ్ మదర్‌బోర్డుకు అతికించి ఉన్నదా, ఖాళీ స్లాటు ఉన్నదా అన్నది తప్పక అడగాలి. స్లాటు ఉంటే ఇప్పుడు 8 కొని తరువాత పెంచుకోవచ్చు. అతికించి ఉంటే మొదటనే కావలసినంత తీసుకోవాలి.

నిల్వ: తిరిగే పళ్ళెంగల హార్డ్‌డిస్కు కంటే ఎస్‌ఎస్‌డీ ఎంతో వేగవంతమైనది. సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 మెగాబైట్ల వరకు చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం దానికి అనేక రెట్లు వేగంగా పనిచేస్తుంది. తక్కువ ధర నమూనాలలోని ఈఎంఎంసీ నిల్వ నెమ్మదిగా ఉంటుంది, మార్చడానికి వీలుకాదు. తయారీదారు చెప్పిన 512 గిగాబైట్లు విండోస్‌లో సుమారు 476గా కనిపిస్తాయి. తయారీదారులు గిగాబైటును 100 కోట్ల బైట్లుగాను, విండోస్ 107,37,41,824 బైట్లుగాను లెక్కించడమే దీనికి కారణం. ఇది మోసం కాదు.

తెర: 1920 × 1080 చుక్కల తెర మంచిది. ఐపీఎస్ రకం తెర ప్రక్కనుండి చూసినా రంగులు మారదు. కాంతి 300 నిట్స్ ఉంటే పగటిపూట వరండాలో కూడా చదవవచ్చు.

బ్యాటరీ: దీని సామర్థ్యాన్ని వాట్-గంటలలో చెబుతారు. 50 వాట్-గంటల బ్యాటరీ, సగటున 10 వాట్లు తీసుకునే ల్యాప్‌టాప్‌ను సుమారు 5 గంటలు నడుపుతుంది. ప్రకటనలలోని గంటల కంటే ఈ లెక్క నమ్మదగినది.

పోర్టులు: యూఎస్‌బీ-సి ఆకారం ఒకటే అయినా, అన్నిటిలో చార్జింగు, వీడియో సౌకర్యాలు ఉండవు. కర్మాగార పరికరాలతో పనిచేసేవారికి ఈథర్‌నెట్ పోర్టు ఉపయోగకరం. పాత పరికరాల సీరియల్ పోర్టుకు యూఎస్‌బీ మార్పిడి కేబుల్ కావాలి.

అవసరాన్ని బట్టి ఎంపిక

* పాఠశాల, ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు: 8 గిగాబైట్ల ర్యామ్, 256 లేదా 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ. విండోస్, లినక్స్ ఏదైనా సరిపోతుంది.
* కంప్యూటర్ సైన్సు విద్యార్థులు: 16 గిగాబైట్ల ర్యామ్, 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ. లినక్స్, లేదా విండోస్‌తోపాటు లినక్స్.
* మెకానికల్, సివిల్ విద్యార్థులు: విండోస్, 16 గిగాబైట్ల ర్యామ్. పెద్ద త్రిమితీయ నమూనాలు గీసేవారికి విడి గ్రాఫిక్స్ చిప్పు.
* ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమావారు: ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరు, విండోస్, ఈథర్‌నెట్ పోర్టు.
* లెక్కలు, డీటీపీ పనివారు: విండోస్, 8 గిగాబైట్ల ర్యామ్, అంకెల మీటలు విడిగా ఉన్న కీబోర్డు.

స్థానిక పరిస్థితులు

విద్యుత్తు: ల్యాప్‌టాప్ అడాప్టర్లు సాధారణంగా 100 నుండి 240 వోల్టుల మధ్య పనిచేస్తాయి. భారతదేశంలో గృహ సరఫరా 230 వోల్టులు. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీపై నడిచినా ఇంటర్నెట్ రౌటరు ఆగిపోతుంది. ఆన్‌లైను పరీక్షలు వ్రాసేవారు దీనికి ప్రత్యామ్నాయంగా ఫోను ద్వారా ఇంటర్నెట్ అందేటట్లు చూసుకోవాలి. అడాప్టరు మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగు ఉన్న సాకెట్టునే వాడాలి.

వేడి, దుమ్ము: వేసవిలో ల్యాప్‌టాప్‌ను పరుపుపైన, దిండుపైన పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి ప్రాసెసరు వేగం తగ్గుతుంది. గట్టి బల్లపై వాడడం, ఫ్యానులో చేరిన దుమ్మును అప్పుడప్పుడు తీయించడం అవసరం.

సర్వీసు: సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ల్యాప్‌టాప్ దుకాణాలకు పేరుపొందినది. అక్కడ ధర తగ్గినా, మరమ్మతుకు మళ్ళీ నగరానికి పోవలసి వస్తే ఒక రోజు పని, ప్రయాణ ఖర్చు పోతాయి. కాబట్టి ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ హత్నూర పిన్‌కోడుకు వర్తిస్తుందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

కొనేటప్పుడు, కొన్న తరువాత

"డాస్"తో అమ్మే ల్యాప్‌టాప్‌లో వాడకానికి తగిన ఆపరేటింగ్ సిస్టమ్ లేదని అర్థం. లినక్స్ వాడేవారికి ఇది డబ్బు ఆదా. విండోస్ కావలసినవారు లైసెన్సు ధరను కలిపి లెక్కించాలి. దుకాణదారు ఉచితంగా వేసి ఇచ్చే నకలు విండోస్‌లో హానికరమైన ప్రోగ్రాములు ఉండవచ్చు.

లినక్స్ వేయదలచినవారు ముందుగా పెన్‌డ్రైవు నుండి దానిని నడిపి వైఫై, శబ్దం, కెమెరా, టచ్‌ప్యాడ్, నిద్రావస్థ నుండి మేలుకోవడం పరీక్షించాలి. ఇందువలన డిస్కులోని సమాచారం మారదు. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లలో డిస్కు ముందే గుప్తీకరించబడి ఉండవచ్చు. విభజనలు మార్చడానికి ముందే రికవరీ కీని కాగితంపై వ్రాసి ఉంచుకోవాలి. అది లేకపోతే సమాచారం శాశ్వతంగా పోయే ప్రమాదమున్నది.

జీఎస్‌టీ బిల్లు తప్పక తీసుకోవాలి. ల్యాప్‌టాప్‌పై భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు ఉండాలి. విక్రేతతో వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు.

పాత ల్యాప్‌టాప్‌లు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందరి ప్రాసెసర్లు గల ల్యాప్‌టాప్‌లలో చాలావరకు విండోస్ 11కు అధికారికంగా అర్హమైనవి కావు. వాడిన ల్యాప్‌టాప్ కొనేవారు ఈ సంగతి ముందుగా చూడాలి. అయితే అవి పనికిరానివని భావించనక్కరలేదు. 64-బిట్ ప్రాసెసరు, 4 లేదా 8 గిగాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేయించి, తేలికపాటి లినక్స్ స్థాపిస్తే చదువుకు, ఉత్తరప్రత్యుత్తరాలకు, తెలుగు వ్రాయడానికి ఇంకా కొన్నేళ్ళు ఉపయోగపడుతుంది. పనికిరాని బ్యాటరీని చెత్తలో వేయకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* గ్నూ/లినక్స్
* స్వేచ్ఛ
* యూనికోడు
* హత్నూర
* పటాన్‌చెరు