సరిహద్దు విద్యార్థి - తులనాత్మక రాజకీయాల పాఠం



ఈనాటి ప్రసంగం డిగ్రీ తరగతిలో చెప్పే ఒక పాఠాన్ని గురించి. దాని పేరు తులనాత్మక రాజకీయాలు. తుల అంటే త్రాసు. ఒక ప్రభుత్వాన్ని మరొక ప్రభుత్వం పక్కన పెట్టి, పోలికలేమిటి, తేడాలేమిటి, ఆ తేడాలకు కారణాలేమిటి అని తూచి చూడడమే ఈ పాఠం చేసే పని. "పరదేశాల పరిపాలన మనకెందుకు? మన చేను, మన చెరువు చూసుకుంటే చాలదా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన కోలారు జిల్లాలో పుట్టినవారికి ఇది పరదేశాల కథ కాదని మనవి చేయడమే నా ఉద్దేశం.

ఈ పద్ధతి చాలా పాతది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఆధ్వర్యంలో 158 రాజ్యాంగాల వివరాలు సేకరించారని చెబుతారు. ఆ పనిలో ఆయన శిష్యులు కూడా పాల్గొన్నారంటారు. అంటే ఈ శాస్త్రంలో మొదటినుంచీ విద్యార్థుల చెయ్యి ఉన్నదన్నమాట.

ఇక మా సంగతికి వస్తాను. 1995-96లో నేను కోలారు జిల్లాలోని ఒక కళాశాలలో బి.ఏ. చదువుతున్నాను. అప్పట్లో జిల్లా కళాశాలలు బెంగళూరు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2017లో టమకలో ఏర్పడిన బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఆ తరువాతి మాట. మాది హెచ్.ఇ.పి., అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం. సైన్సులో సీటు రానివాళ్ళు చేరే చోటు అని ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు కూడా అనుకునేవారు. ఆ మాట మా మనస్సులోనూ నాటుకుపోయింది.

మా తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, తమిళం మాట్లాడే గోల్డ్ ఫీల్డ్స్ పిల్లలు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉండేవారు. పాఠం కన్నడంలో, పుస్తకం ఇంగ్లీషులో. ఇంగ్లండు, అమెరికా, స్విట్జర్లాండు, చైనా - ఈ నాలుగు దేశాలను వరుసగా బట్టీ పట్టేవాళ్ళం. స్విట్జర్లాండు ఫెడరల్ కౌన్సిల్లో ఏడుగురు సభ్యులని నేను నిద్రలో లేపినా చెప్పగలిగేవాణ్ణి. ఒకరోజు మా అధ్యాపకులు, "ఒక్కరికి అధికారం ఇవ్వకుండా ఏడుగురికి ఎందుకు పంచారు నాయనా?" అని అడిగారు. నా నోట మాట రాలేదు. ఎందుకు అన్న ప్రశ్న పరీక్షలో వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఆ తరువాత కొద్ది రోజులకు ముళబాగిలు వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మా మేనత్తను వి.కోట దగ్గర ఊరికి ఇచ్చినారు. అక్కడ సర్పంచికి ఊరంతా ఓటు వేస్తారంట. మా ఊర్లో అధ్యక్షుణ్ణి మెంబర్లే ఎన్నుకుంటారు. ఇట్ల ఎందుకు సార్?" అని అడిగింది. వెనక బెంచీల్లో ఒకరిద్దరు నవ్వారు. అధ్యాపకులు మాత్రం నవ్వలేదు. సుద్దముక్క పక్కన పెట్టి, ఆ రోజు మొదటిసారి తెలుగులో పాఠం చెప్పారు.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. కర్ణాటకలో 1993 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఓటర్లు సభ్యులను ఎన్నుకుంటారు, సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. సభ్యుల నమ్మకం పోతే ఆ పదవీ పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం ప్రకారం సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. "ఇంగ్లండు ప్రధాని ఎట్లా నిలబడతాడు? పార్లమెంటు దిగువ సభలో సభ్యుల బలంతో. అమెరికా అధ్యక్షుడో? ఆయన ఎన్నిక వేరు, శాసనసభ ఎన్నిక వేరు. అమ్మా, మీ ఊరిది ఇంచుమించు ఇంగ్లండు దారి. మీ మేనత్త ఊరిది ఇంచుమించు అమెరికా దారి" అన్నారు. మూడు నెలలుగా మాకు అర్థం కాని పార్లమెంటరీ విధానం, అధ్యక్ష విధానం అనే భేదం ఒక్క గంటలో అర్థమైంది.

అయితే పేర్లను చూసి మోసపోవద్దని కూడా ఆయన హెచ్చరించారు. "మండలం" అనే మాటనే తీసుకోండి. కర్ణాటకలో 1983 చట్టం కింద 1987లో ఎన్నికలు జరిగిన మండల పంచాయతి అంటే కొన్ని గ్రామాల కూటమి. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన మండలం, పాత తాలూకాల స్థానంలో వచ్చిన పరిపాలనా విభాగం. ఒకటే మాట, రెండు వేరు వేరు వస్తువులు. పోల్చేముందు పేరు వెనక ఉన్న పని ఏమిటో చూడాలి.

మరి ఒకే భాష మాట్లాడే, పిల్లనిచ్చి పుచ్చుకునే, ఒకే రాగి సంగటి తినే జనానికి రెండు పద్ధతులు ఎందుకు వచ్చాయి? దీనికి చరిత్రలోకి వెళ్ళాలి. కోలారు మైసూరు సంస్థానంలోది. అక్కడ 1881లోనే ప్రజాప్రతినిధి సభ ఏర్పడింది, దానికి అధికారాలు తక్కువే అయినా. అవతలి చిత్తూరు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లవారి పాలన కింద ఉండేది. 1947లో మైసూరుకు మొదటి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డిగారు మన క్యాసంబళ్ళివారే. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను తాలూకాలవారీగా విడదీశారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినా, తెలుగు విస్తారంగా వినబడే కోలారు మైసూరులోనే ఉండిపోయింది. తక్కినవన్నీ ఒకేలా ఉండి ప్రభుత్వం ఒక్కటే మారిన చోట, ప్రభుత్వం వల్ల వచ్చే తేడా ఏమిటో స్పష్టంగా కనబడుతుంది. అందుకే సరిహద్దు ఈ శాస్త్రానికి మంచి ప్రయోగశాల.

జిల్లా లోపల కూడా పోలికకు కొదవ లేదు. మా తరగతిలోని గోల్డ్ ఫీల్డ్స్ మిత్రులకు ఇంగ్లండు లేబర్ పార్టీ పాఠం మాకంటె ముందే అర్థమైంది. ఆ పార్టీ 1900లో కార్మిక సంఘాల చొరవతో పుట్టింది. సంఘమంటే ఏమిటో ఆ పిల్లలకు పుస్తకం చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగిన తరువాత ఉత్తర ఆర్కాటు నుంచీ ఇతర చోట్లనుంచీ కూలీలు వచ్చి చేరిన ఊరు అది. 1930లో వేలిముద్రల నమోదును ఎదిరించి పెద్ద సమ్మె చేసిన ఊరు అది. చుట్టుపక్కల పల్లెల్లో భూమి ఉన్నవారి మాట చెల్లుతుంటే, ఆ నియోజకవర్గంలో కమ్యూనిస్టులు, రిపబ్లికన్ పార్టీవారు, అన్నా డి.ఎం.కె. వారు కూడా వేరువేరు కాలాల్లో గెలిచారు. బ్రతుకుతెరువు మారితే రాజకీయమూ మారుతుందనడానికి ఇది సాక్ష్యం.

1956లో మైసూరు ప్రభుత్వం ఆ గనులను జాతీయం చేసింది. 2001లో గనులు మూతపడ్డాయి. ఆనాటి మా సహాధ్యాయి ఒకరు, గనిలో పనిచేసిన తండ్రి ఉద్యోగం పోయాక, తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవారు. "ఇంగ్లండులో 1984-85 బొగ్గు కార్మికుల సమ్మె గురించి పుస్తకంలో చదివినాను. మన ఊరి సంగతి అప్పుడు కాదు, ఇప్పుడు అర్థమైంది" అన్నారు నాతో ఒకసారి. పాఠం ఆయన ఉద్యోగాన్ని తిరిగి తేలేదు. కానీ తన కష్టం తన తలరాత మాత్రమే కాదని, దాని వెనక నిర్ణయాలున్నాయని, నిర్ణయాలు చేసేవారిని ప్రశ్నించవచ్చని ఆయనకు తెలిసింది. ఇది చిన్న లాభమేమీ కాదు.

ఇక ఒక జాగ్రత్త. పోల్చడమంటే మా రాష్ట్రం గొప్ప, మీ రాష్ట్రం తక్కువ అని తేల్చడం కాదు. నేరుగా ఎన్నికైన సర్పంచికి ఊరి బలం ఉంటుంది, కానీ సభ్యులతో పొసగకపోతే పని కుంటుపడుతుంది. సభ్యులు ఎన్నుకున్న అధ్యక్షుడు అందరినీ కలుపుకుపోవాలి, కానీ కుర్చీ కోసం బేరాలకు లొంగే ప్రమాదమూ ఉంది. రెండువైపులా తూచినప్పుడే త్రాసు త్రాసు అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ అమ్మాయో అబ్బాయో ఆర్ట్సులో చేరితే, సీటు దొరకక చేరారని చిన్నచూపు చూడకండి. విద్యార్థులారా, ఈసారి నంగలి దాటి చుట్టాల ఊరికి వెళ్ళినప్పుడు, పంచాయతీ ఎట్లా నడుస్తున్నదో, రేషను ఎట్లా అందుతున్నదో అడిగి తెలుసుకోండి. ఇంటికి వచ్చి, మన ఊళ్ళో అది వేరుగా ఎందుకుందో ఆలోచించండి. ఆనాడు నవ్వులు వినబడినా కూర్చోకుండా ప్రశ్న పూర్తిగా అడిగిన ఆ అమ్మాయి మా అందరికీ నేర్పినది ఇదే.