కుజుడు దగ్గరకొస్తే ఎగిరే పళ్ళాలు వస్తాయా? లెక్క తీసి చూద్దాం

ఈ ఎపిసోడ్‌కి నేను ముందు అనుకున్న టైటిల్ వేరు. "యూఎఫ్ఓల కుజ రహస్యం" అని థంబ్‌నెయిల్ కూడా రెడీ చేసేశాను. అది ఎందుకు తీసేశానో చెప్పడమే ఇవాళ్టి కథ.

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్, రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు వేగంగా వెళ్ళడం చూశానన్నాడు. పేపర్లవాళ్ళు వాటికి 'ఫ్లయింగ్ సాసర్లు' అని పేరు పెట్టేశారు. ఇక అక్కడి నుంచి జనం ఆకాశం చూడటం, రిపోర్ట్ చేయడం మొదలైంది. అమెరికా వైమానిక దళం 1969 వరకు ఇలాంటివి 12,618 పోగుచేసింది. ఆ ఫైళ్ళకే ప్రాజెక్ట్ బ్లూ బుక్ అని పేరు. వాటిలో 701 ఏమిటో తేలలేదు.

1950ల్లో కొందరికి ఒక అనుమానం వచ్చింది. దాదాపు 26 నెలలకోసారి భూమి సరిగ్గా సూర్యుడికీ కుజుడికీ మధ్యలోకి వస్తుంది. అప్పుడు కుజుడు మనకి బాగా దగ్గర. 1950 మార్చి, 1952 మే, 1954 జూన్, 1956 సెప్టెంబర్... ఇవీ ఆ నెలలు. యూఎఫ్ఓ రిపోర్టులు కూడా రెండేళ్ళకోసారి పొంగుతున్నట్టే కనిపించాయి. అంటే దారి దగ్గరైనప్పుడు వాళ్ళు బయల్దేరి వస్తున్నారా? ఫ్రాన్స్‌లో ఖగోళశాస్త్రం చదివి, అమెరికాలో కంప్యూటర్ సైంటిస్ట్ అయిన జాక్ వాలే కూడా 1960ల్లో ఈ ప్రశ్నని లెక్కలతో పరీక్షించాడు.

నేనూ బ్లూ బుక్ ఏడాదివారీ పట్టిక తీసుకుని గ్రాఫ్ గీశాను. 1949లో 186. కుజుడు దగ్గరకొచ్చిన 1950లో 210. మళ్ళీ 1951లో 169కి తగ్గింది. 1952లో? ఏకంగా 1,501! నిజం చెప్తున్నా, ఒళ్ళు జలదరించింది. థంబ్‌నెయిల్ చేసింది అప్పుడే.

తర్వాత మిగతా ఏళ్ళు కూడా ఎక్కించాను. 1953లో 509, 1954లో 487, 1955లో 545. కుజుడు దగ్గరకొచ్చిన ఏడాదే తక్కువ! మరి 1954 ఆ లిస్టులోకి ఎలా వచ్చింది? ఆ ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫ్రాన్స్‌లో రిపోర్టుల వెల్లువ వచ్చింది కాబట్టి. అంటే అమెరికా కుదరకపోతే ఫ్రాన్స్, జూన్ కుదరకపోతే అక్టోబర్. ఇది బీటెక్ ల్యాబ్‌లో మనం చేసిన పనే అండి. ఆన్సర్ ముందే తెలుసుకుని రీడింగ్స్ రాసుకోవడం!

ఇంకో దెబ్బ. 1924 తర్వాత కుజుడు అంత దగ్గరకి రావడం 1956లోనే. కుజుడే కారణమైతే ఆ ఏడాది రికార్డులు బద్దలవ్వాలి. వచ్చినవి 670. కుజుడు దగ్గర లేని 1957లో మాత్రం 1,006. ఆ అక్టోబర్ 4న రష్యా స్పుత్నిక్ ప్రయోగించింది. లోకమంతా తలెత్తి ఆకాశం చూస్తున్న రోజులవి. 1966లోనూ కుజుడు దగ్గర లేడు, రిపోర్టులు 1,112.

మరి గ్రహాలకీ యూఎఫ్ఓలకీ సంబంధమే లేదా? ఉంది. కాకపోతే మనం వెతికిన చోట లేదు.

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా, లదాఖ్ సరిహద్దులో మన సైనికులు ఆకాశంలో వెలుగుల్ని 329 సార్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లని అనుమానం. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్ళు పరిశీలిస్తే తేలిందేమిటంటే, ఒకటి శుక్రుడు, ఇంకోటి గురుడు. మన పల్లెల్లో వేగుచుక్క అంటామే, ఆ శుక్రుడే! ఎత్తు ప్రాంతంలో గాలి పలచన, ఆకాశం స్వచ్ఛం. గ్రహాలు ఇంకా కాంతిగా కనిపిస్తాయి.

ఇది విని సైనికుల్ని చూసి నవ్వకండి. సరిహద్దులో కాపలా కాసేవాడు అనుమానించాలి, అది వాళ్ళ డ్యూటీ. చూసిన ప్రతిసారీ రాసిపెట్టారు కాబట్టే నిజం తేలింది. రెండు దేశాల మధ్య ఒక గొడవకి కారణం తగ్గింది. తప్పు చేసింది నేనండి, నచ్చిన నాలుగేళ్ళు చూసి ఆగిపోబోయాను.

మీ మేడ మీద వింత వెలుగు కనిపిస్తే టైమ్, దిక్కు, ఎత్తు రాసుకోండి. మర్నాడు అదే టైమ్‌కి మళ్ళీ చూడండి. అక్కడే ఉంటే అది మీ పాత చుట్టమే. లేకపోతే కామెంట్‌లో రాయండి, కలిసి లెక్క తీద్దాం. ఉంటాను మరి.