ఆంగ్లమున గణ్యాగణ్య నామములు: ‘లెస్’, ‘ఫ్యూయర్’ పదముల చరిత్ర

ఆంగ్లమున లెక్కింపదగు వానిని తెలుపు నామములకు ముందు ‘ఫ్యూయర్’ అనియు, లెక్కింపరాని వానికి ముందు ‘లెస్’ అనియు వాడవలెనని పాఠ్యవ్యాకరణములు విధించుచున్నవి. ఈ విధి భాషతో పుట్టినదా, వైయాకరణులు కల్పించినదా యనునది మా విచారణీయాంశము.

899లో గతించిన ఆల్‌ఫ్రెడ్ రాజు పేర వెలసిన బొయీథియస్ గ్రంథానువాదముననే ‘లెస్’ యొక్క ప్రాచీనరూపము ‘మాటలు’ అను అర్థముగల గణ్యనామముతో కూడి కనబడుచున్నది. అచట ఆ నామము షష్ఠీబహువచనమున నున్నది. ‘మాటలలో తక్కువ’ యని భావము. కాలక్రమమున షష్ఠీప్రత్యయము లోపింపగా ‘లెస్’ బహువచననామమునకు నేరుగా విశేషణమైనది. అనేకశతాబ్దము లీ ప్రయోగము నిరాక్షేపముగా సాగినది. 1770లో రాబర్ట్ బేకర్ సంఖ్యావిషయమున ‘ఫ్యూయర్’ మేలని తన అభిరుచిగా తెలిపెను. తరువాతి వ్యాకర్తల చేతులలో ఆ అభిరుచియే శాసనమైనది. అయినను దూరము, కాలము, ధనము చెప్పునపుడు శిష్టులు సైతము నేటికిని బహువచనముతో ‘లెస్’నే వాడుచున్నారు. వారి దృష్టిలో పది మైళ్ళు పది వస్తువులు కావు, ఒక్క పరిమాణము.

తెలుగున వచనము వేఱు, గణ్యత్వము వేఱు. ‘నీళ్ళు’ నిత్యబహువచనము, ‘కొన్ని నీళ్ళు’ అందుము గాని ‘రెండు నీళ్ళు’ అనము. ‘తక్కువ’ యను మాట నీళ్ళకును పండ్లకును సమముగా చెల్లును. కావున మన విద్యార్థి ‘లెస్’ను గణ్యనామముతో వాడుట సహజము. పరీక్షాపత్రమున నేటి నియమమును పాటింపజేయుట ఉపాధ్యాయధర్మమే. కాని ఆ ప్రయోగమును అజ్ఞానమని నిందించుట మాత్రము చరిత్రకు సమ్మతము కాదని మా నిశ్చయము.