త్సుకుదా ద్వీపము: వలసవచ్చిన వారి వంటకము

ఒక జాతి చరిత్రను తెలిసికొనుటకు శాసనములు, కోటలు, గ్రంథములు ఎంత అవసరమో వంటయిల్లును అంతే అవసరము. రాజులు మారినను, సరిహద్దులు మారినను, తల్లి చేతి వంట కొన్ని తరములపాటు మారక నిలిచియుండును. ఈ సంగతిని జపాను దేశస్థులు చక్కగా గ్రహించినట్లు కనబడుచున్నది. నేడు ఆ దేశమునకు పోయిన యాత్రికులను పాత పేటలలో కాలినడకను త్రిప్పి, ఒక్కొక్క అంగడి ముందు నిలిపి, అచ్చటి తినుబండారమును రుచి చూపి, దాని పుట్టుపూర్వోత్తరములను వివరించు మార్గదర్శకులు అనేకులు కలరు. ఒక చిన్న గుంపు, రెండు మూడు గంటల నడక, అయిదాఱు అంగళ్లు: ఇదియే వారి సాధారణ పద్ధతి. జపాను సంప్రదాయ భోజన విధానమును యునెస్కో సంస్థ 2013లో మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. 2024వ సంవత్సరమున ఆ దేశమును దర్శించిన విదేశీయుల సంఖ్య 3 కోట్ల 68 లక్షలకు మించినది.

ఇట్లు దారి చూపి తినిపించుట అచ్చట క్రొత్తగా వచ్చినది కాదు. నేటి టోక్యో నగరమునకు పూర్వము ఎడో అని పేరు. టొకుగావా ఇయెయాసు అను ప్రభువు 1590లో ఆ ప్రాంతమునకు వచ్చి, 1603లో షోగను పదవి నొంది, ఎడోను తన పరిపాలనకు కేంద్రము గావించెను. పదునెనిమిదవ శతాబ్దము నాటికి అచ్చటి జనసంఖ్య సుమారు 10 లక్షలు. వడ్రంగులు, కూలీలు, ప్రభువుల వెంట వచ్చిన సేవకులు మున్నగు వారిలో ఇల్లాలు లేక ఒంటరిగా కాలము గడుపువారు చాలమంది. వారికొఱకే వీథులలో సేమియావంటి సోబా, నూనెలో వేయించిన తెంపురా, సుషి మొదలగువాటి బండ్లు వెలసినవి. ఏ అంగడిలో ఏ సరకు దొరకునో తెలుపు మార్గదర్శక గ్రంథ మొకటి 1824లోనే అచ్చయినది. దానిలో భోజనశాలలకు ప్రత్యేకముగా ఒక సంపుటమే కేటాయింపబడినది.

టోక్యోలో ఇట్టి పేటలు అనేకము గలవు. వానిలో త్సుకుదా అను చిన్న పేటను గూర్చి మాత్రమే ఇచ్చట వ్రాయదలచితిని. దానికి కారణము కలదు. ఆ పేట స్థానికులది కాదు. దూరమునుండి వచ్చి స్థిరపడినవారిది. కావున స్వస్థలమును విడిచి తరములు గడచిన మనబోటి కుటుంబములకు దాని కథ తెలియదగినది.

ఒసాకా నగర ప్రాంతమున, సెత్సు అను సీమలో, త్సుకుదా అను జాలరి గ్రామము పూర్వము ఉండెను. ఇయెయాసు ప్రభువు ఒకప్పుడు నది దాటవలసివచ్చి చిక్కుపడగా ఆ గ్రామస్థులు పడవలిచ్చి ఆదుకొనిరని అచ్చటివారు చెప్పుకొను కథ. ఆయన ఎడోకు వచ్చిన పిదప ఆ గ్రామమునుండి ముప్పదిమందికి పైగా జాలరులు అచ్చటికి రప్పింపబడిరి. షిరాఉవో అను చిన్న తెల్లచేపను పట్టి కోటలోని వంటశాలకు సమర్పించుట వారి విధి. సమర్పింపగా మిగిలినదానిని నిహోంబాషి వంతెన చెంత అమ్ముకొనుటకు వారికి అనుమతి లభించినది. ఆ చిల్లర అమ్మకమే పెరిగి పెరిగి నగరమునకంతటికి చేపల సంతగా పరిణమించెను.

వారికి నివాసముకొఱకు నదీముఖమున ఒక ఇసుకదిబ్బ ఇయ్యబడినది. దానిని వారే మట్టితో పూడ్చి, గట్లు కట్టి, 1644 ప్రాంతమున ద్వీపముగా తీర్చిరి. దానికి వారు పెట్టిన పేరు తమ స్వగ్రామము పేరే. 1646లో తమ ఊరిలో కొలుచుకొను సుమియోషి దేవతలకు అచ్చట ఆలయము నిర్మించిరి. ఊరి పేరు, ఊరి దేవత, ఊరి వృత్తి అను మూటిని వారు వెంట దెచ్చుకొనిరి. నాల్గవది వారి వంట.

జాలరులు పట్టిన చేపలలో మిక్కిలి చిన్నవి అంగడిలో చెల్లవు. వానిని, గుల్లలను, సముద్రపు పాచిని పారవేయక ఉడికించి నిలువచేసికొనెడివారు. గాలివానలో వేటకు పోలేని దినములలోను, పడవమీది భోజనమునకును అది ఆధారము. మొదట ఉప్పుతో ఉడికించెడివారు. తరువాత ఎడో సమీపమున నోదా, చోషి అను ఊళ్లలో సోయా చిక్కుడుగింజలను పులియబెట్టి తీయు షోయు రసము సమృద్ధిగా దొరకుటచేత దానితో ఉడికింపసాగిరి. నల్లని రంగు, ఉప్పదనము, కొంచెము తీపి గలిగి పలుదినములు చెడక నిలుచు ఆ వంటకమునకు జనులు త్సుకుదాని అని పేరిడిరి. మనము ఆవకాయ నంజుకొనునట్లు వారు వేడియన్నముతో దానిని కొంచెము కొంచెముగా తిందురు. ఎడో నగరమునకు వచ్చిన ప్రభువుల పరివారము మరలిపోవునప్పుడు దీనిని పొట్లము గట్టించుకొని స్వదేశమునకు గొనిపోయెడివారు. అందుచేత ఒక చిన్న జాలరిపల్లె పేరు జపాను దేశమంతట వంటయిండ్లలో వినబడసాగెను. శాకాహారులైన మనవారికి ఈ చేపల ప్రసంగము రుచింపకపోవచ్చును. కొంబు అను సముద్రపు పాచితోను ఇదే పద్ధతిని త్సుకుదాని చేయుదురు.

ఈ సందర్భమున మన ప్రాంతముతో ముడిపడిన ఒక సంగతిని చెప్పవలసియున్నది. త్సుకుదా జాలరులు జోదో షిన్‌షూ అను బౌద్ధశాఖకు చెందిన భక్తులు. 1657లో ఎడో నగరమును దహించిన మహాగ్నిలో వారి హొన్‌గాన్‌జి దేవాలయము కాలిపోగా, వారు సముద్రమును పూడ్చి దానికి క్రొత్త నేలను ఏర్పఱచిరి. ఆ చోటికి త్సుకిజి, అనగా కట్టిన నేల, అని పేరు వచ్చెను. ఆ శాఖవారు ఏడుగురు ఆచార్యులను పూజింతురు. వారిలో ప్రథముడు నాగార్జునుడు. మన పెద్దలు కృష్ణాతీరమందలి శ్రీపర్వతముతో ఏ ఆచార్యుని పేరును ముడిపెట్టి చెప్పుదురో ఆయనయే అచ్చట ర్యూజు అను పేర పూజ లందుచున్నాడు. నేటి త్సుకిజి దేవాలయ భవనము 1934లో పూర్తియైనది. దానిని రూపొందించిన ఇతో చూతా అను శిల్పి మన దేశమునందు సంచరించి, ప్రాచీన భారతీయ బౌద్ధ శిల్పపద్ధతిని ఆ భవనమున ప్రవేశపెట్టెను.

1923 నాటి మహాభూకంపములో నిహోంబాషి చేపల సంత నాశనము కాగా, దానికి మాఱుగా త్సుకిజిలో 1935లో క్రొత్త సంత తెఱవబడినది. అందలి టోకు వ్యాపారము 2018 అక్టోబరులో తొయోసు అను చోటికి మార్చబడినది గాని, దాని చుట్టునున్న చిల్లర అంగళ్లు త్సుకిజిలోనే ఉన్నవి. నడకయాత్రకు ఇది మంచి ప్రారంభస్థలము. అచ్చట ఎండుచేప తురుము, చుట్టలు చుట్టిన గ్రుడ్డు అట్టు, పచ్చని తేయాకు, వంటకత్తులు చూపి, మార్గదర్శకుడు అతిథులను సుమిదా నదిమీది వంతెన దాటించి త్సుకుదాకు కొనిపోవును. ఒడ్డున త్సుకుదాని అమ్ము పాత అంగళ్లు నేటికిని కలవు. వానిలో తెన్‌యాసు అనునది 1837లో స్థాపితము. వాని వెనుక సుమియోషి ఆలయము, ఎఱ్ఱని చిన్న వంతెన, పడవలు కట్టిన కాలువ కనబడును. ప్రక్కనే 1892లో సముద్రమును పూడ్చి చేసిన త్సుకిషిమా అను పేట. అచ్చట మొంజా అను వంటకము ప్రసిద్ధము. పలుచని పిండిలో క్యాబేజి తురుము కలిపి పెనముమీద పోసి, చిన్న గరిటెలతో గీకి తిందురు. పూర్వము మిఠాయి అంగళ్లలో పిల్లలు ఆ పిండితో పెనముమీద అక్షరములు వ్రాసి నేర్చుకొనెడివారనియు, అక్షరమను అర్థముగల మొంజి అను మాటనుండి ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు.

త్సుకుదా పేట 1923 నాటి అగ్నినుండియు, 1945 నాటి విమానదాడులనుండియు చాలవఱకు తప్పించుకొనెను. కాని కాలమునుండి తప్పించుకొనలేదు. 1962లో టోక్యో అఖాతపు జాలరులు తమ చేపలవేట హక్కులను వదలుకొనవలసివచ్చెను. 1964లో వంతెన పూర్తియగుటతో శతాబ్దముల నాటి రేవుపడవ ఆగిపోయినది. ప్రక్కన ఓడల కార్ఖానా యుండిన చోట 1980 తరువాత ఆకాశమునంటు నివాసభవనములు లేచినవి. ఏ వృత్తినుండి ఆ వంటకము పుట్టెనో ఆ వృత్తి అచ్చట పోయినది. చేపలు ఇతర ప్రాంతములనుండి వచ్చుచున్నవి. అయినను వంటకము నిలిచినది. మొదట ఉప్పు, పిదప షోయు. మొదట తమ వలలోని చేప, పిదప ఇతరుల వలలోని చేప. ఇన్ని మార్పులు వచ్చినను వారు దానిని వండుట మానలేదు. పేరు మార్చలేదు. మార్పు వలన గాక, మానుట వలననే ఆచారములు నశించునని దీనివలన తెలియుచున్నది.

అయితే అతిథులకు చూపుటయందును ఒక ప్రమాదము లేకపోలేదు. క్యోటో నగరమున నిషికి అను సంత కలదు. దానికి 1615లో చేపల వ్యాపారమునకు ప్రభుత్వానుమతి లభించెను. కూరగాయల వర్తకుని కుమారుడైన ఇతో జాకుచూ అను ప్రసిద్ధ చిత్రకారుడు పదునెనిమిదవ శతాబ్దమున ఆ సంత మూతపడకుండ పాటుపడెను. దానికి క్యోటో వంటయిల్లు అని పేరు. యాత్రికులు క్రిక్కిరిసిన పిమ్మట, నడచుచు తినవద్దని అచ్చటి వర్తకులు ప్రకటనలు అంటింపవలసివచ్చినది. నిలుచుండి తినదగిన పుల్లగ్రుచ్చిన చిరుతిండ్లు పెరిగినకొలది ఇంటికి కూర కొనుటకు వచ్చు గృహిణికి చోటు తగ్గును. ఇరుగుపొరుగువారు కొనుట మానిన సంత ప్రదర్శనశాల వంటిది. అందుచేత మంచి మార్గదర్శకుడు రుచి చూపుటతో తృప్తిపడడు. ఎవరు వండిరి, ఎందులకు వండిరి, నేడు ఎవరి ఇంట తినుచున్నారు అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పును.

ఇక మన సంగతి. త్సుకుదా జాలరులు ఊరు మారిరి గాని భాష మారలేదు. మనము భాష మారిన సీమలలో నివసించుచున్నాము. కర్ణాటకమున గాని, తమిళనాడున గాని, ఒడిస్సా, మహారాష్ట్రములందు గాని, యానాములో గాని మన కుటుంబములు తరములుగా ఉన్నవి. కొన్ని యిండ్లలో తాతకు వచ్చిన అక్షరములు మనుమనికి రావు. గోంగూర, పులిహోర, అరిసె అను పేళ్లు మాత్రము ఆ మనుమని నోట నిలిచియున్నవి. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తాగా జీవితము గడపిన నేను పండితులకు చెప్పగలవాడను కాను. అయినను ఒక మనవి. ఆ పేరు పలుకు పిల్లవానికి దాని వెనుకనున్న కథను చెప్పవలసిన బాధ్యత మనదే. చెప్పకున్నచో కొంతకాలమునకు ఆ పేరును పోవును.

ఇందుకు పెద్ద ధనము అక్కఱలేదు. మన బరంపురమునే తీసికొందము. ఇచ్చటి అప్పడములు, ఊరగాయలు ఊరు దాటి పేరు పొందినవి. ఆ వీథులలో ఏ యింటి అవ్వ ఎప్పటినుండి అప్పడములు ఒత్తుచున్నదో, ఆ కుటుంబము ఏ ఊరినుండి వచ్చినదో మన పిల్లలలో ఎందఱెఱుగుదురు? సంవత్సరమున కొక దినము, ఉగాదినాడో సంక్రాంతినాడో, సంఘమువారు పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని మన పాత వీథులలో ఒక గంట నడిపింపవచ్చును. పెద్దలలో ఒకరు కథ చెప్పవలెను. ప్రతి యింట ఒక ముద్ద పెట్టవలెను. ఒరియా మిత్రుల పిల్లలను కూడ పిలువవలెను. పొరుగువారు ఆదరించినందుననే త్సుకుదా పేరు దేశమంతట వ్యాపించినది. తిరిగి వచ్చిన పిదప, తిన్న వంటకముల పేళ్లను పిల్లలచేత తెలుగు లిపిలో వ్రాయింపవలెను. పెనముమీద పిండితో అక్షరములు నేర్చిన పిల్లల కథ విన్నాము గదా! పలకమీద అరిసె అను మూడక్షరములు మన పిల్లలు నేర్వలేరా?

ప్రతి స్థలమునందలి తెలుగు సంఘములును ఈ చిన్న కార్యమును చేపట్టుగాక యని కోరుచు విరమించుచున్నాను.