గురువు లేని గిటారు

సంగీతవిద్య గురుముఖంగా రావలసినదేనన్న నమ్మకం మన దేశంలో ఎంత బలమైనదో, గురువు లేని విద్య గుడ్డి విద్య అన్న సామెత తెలుగువారి నోట ఎంతగా నానిందో ఎరిగినవారికి గిటారు చరిత్ర కొంత విడ్డూరంగా తోచవచ్చు. ఐరోపాలో రూపుదిద్దుకొన్న ఈ తీగవాద్యం విషయంలో, ఒంటరిగా కూర్చొని తనకు తానే నేర్చుకొనే మనిషి మొదటినుంచీ గ్రంథకర్తల దృష్టిలోనూ అచ్చువేసేవారి దృష్టిలోనూ ఉన్నవాడే. కచేరీలు చేసిన మహావిద్వాంసుల జీవితకథలే గిటారు చరిత్రగా చలామణీ అవుతున్నందువల్ల మరుగునపడిన సంగతి ఏమంటే, ఈ వాద్యాన్ని దాదాపు ఐదు శతాబ్దాలుగా ఇంటింటా నిలబెట్టినవారు ఔత్సాహికులు, అంటే సంగీతం జీవనోపాధి కాకపోయినా కేవలం ఇష్టంకొద్దీ సాధన చేసి, తమకు పట్టుబడినదాన్ని పదిమందితో పంచుకొన్నవారు. వారు పంచుకొన్న తీరును అర్థం చేసుకోవాలంటే వారు వాడిన లిపులను పరిశీలించాలి.

ఆ లిపులలో ముఖ్యమైనది ట్యాబ్లేచర్. మన స్వరలిపి పలకవలసిన స్వరమేదో చెబుతుంది. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లోని స్వరాలను గాయకుడు పాడవచ్చు, వైణికుడు వాయించవచ్చు, వేణువు పట్టినవాడు ఊదవచ్చు, ఎందుకంటే ఆ అక్షరాలు ఏ ఒక్క వాద్యానికీ కట్టుబడినవి కావు. ట్యాబ్లేచర్ ఇందుకు భిన్నమైనది. అందులో గీసిన ఒక్కొక్క గీత ఒక్కొక్క తీగకు గుర్తు. గీత మీది అంకె ఆ తీగను ఎన్నో మెట్టు దగ్గర నొక్కాలో తెలుపుతుంది. సున్నా ఉంటే తీగను నొక్కకుండా మీటాలని అర్థం. వీణ మెట్లకు వరుసగా అంకెలు వేసి, కీర్తనను స్వరాలకు బదులు ఆ అంకెలతోనే రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. స్వరజ్ఞానం బొత్తిగా లేనివాడికి కూడా వేలు ఎక్కడ పెట్టాలో ఇది చెబుతుంది, ఎందుకు పెట్టాలో మాత్రం చెప్పదు. దీని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

స్పెయిన్‌లోని వలెన్సియాలో 1536లో వెలువడిన లూయిస్ మిలాన్ గ్రంథం ‘ఎల్ మాయెస్ట్రో’ ఈ లిపిలో అచ్చయినదే. అది విహుయేలా కోసం రాసినది. విహుయేలా అంటే ఆకారంలో గిటారును, శ్రుతి చేసే పద్ధతిలో ల్యూట్ అనే గుండ్రటి వీపు వాద్యాన్ని పోలిన, ఆరు జతల తీగలు గల వాద్యం. అంతకుముందు ఎన్నడూ వాద్యం ముట్టనివాణ్ని ఉద్దేశించి, తేలికపాటి రచనలతో మొదలుపెట్టి క్రమంగా కష్టమైనవాటి వైపు నడిపిస్తూ మిలాన్ ఈ పుస్తకాన్ని కూర్చాడు. పాటలు వచ్చిన చోట గొంతుతో పాడవలసిన స్వరాలను తెలిపే అంకెలను ఎర్రసిరాతోనూ, మిగిలినవాటిని నల్లసిరాతోనూ అచ్చువేయించాడు, అందువల్ల అదే పుటలో వాయించవలసినదీ పాడవలసినదీ కంటికి వేరువేరుగా కనిపిస్తాయి. సన్నతీగను పై గీతగా చూపాడు. ఆనాటి ఇతర స్పానిష్ గ్రంథాలు దీనికి తలకిందులుగా రాయగా, నేటి గిటారు ట్యాబ్లేచర్ మిలాన్ వరుసనే అనుసరిస్తున్నది. పోర్చుగల్ రాజు మూడవ జొఆవునకు అంకితమిచ్చిన ఆ గ్రంథంలోనే, తనకు సంగీతం తప్ప వేరే గురువు ఎన్నడూ లేడని మిలాన్ చెప్పుకొన్నాడు. వలెన్సియా ఆస్థానంలో మెలగిన కులీనుడు ఈ మాటను కొరతగా కాక గొప్పగా చెప్పుకోవడం గమనించదగినది.

విహుయేలా సంపన్నుల వాద్యం. దానికి తోబుట్టువైన గిటారుకు అప్పట్లో నాలుగే వరుసల తీగలు ఉండేవి; దానికోసం రాసిన రచనలు అచ్చులో మొదట కనిపించినది 1546లో సెవిల్‌లో వెలువడిన అలోన్సో ముదార్రా గ్రంథంలో. ఆ శతాబ్దం చివరికి ఐదో వరుస చేరి, తీగలను విడివిడిగా మీటడం కన్న అన్నిటినీ ఒక్కసారిగా చేతితో దువ్వినట్లు వాయించే పద్ధతి సామాన్యజనంలో వ్యాపించింది. 1611లో స్పానిష్ నిఘంటువును ప్రచురించిన సెబాస్టియన్ దె కోవారూబియాస్ విహుయేలా మూలబడిపోతున్నందుకు విచారించి, గిటారు వాయించడం మరీ సులువు కావడంతో గుర్రపుశాలలో పనిచేసే కుర్రాళ్లు సైతం గిటారు విద్వాంసులైపోయారని ఈసడించాడు. ఆయన నిందగా రాసిన ఆ వాక్యమే ఈనాడు గిటారు ఎంత లోతుగా జనంలోకి పోయిందో చెప్పే సాక్ష్యంగా మిగిలింది.

ఆ వ్యాప్తికి తోడ్పడిన పుస్తకాలలో జోఆన్ కార్లెస్ అమాత్ రాసిన చిన్న గ్రంథానిది విశిష్టస్థానం. అమాత్ వృత్తిరీత్యా వైద్యుడు, కటలోనియాలో మోన్‌సెర్రాత్ కొండ దిగువనున్న మోనిస్ట్రోల్ ఊరివాడు. ఐదు వరుసల గిటారు మీద ఆయన రాసిన పుస్తకం 1596లో మొదట వెలువడినట్లు ప్రతీతి. నేడు లభ్యమవుతున్న అతిప్రాచీన ప్రతి 1626 నాటిది. కార్డ్‌లను, అంటే ఒకేసారి పలికించే స్వరాల కూర్పులను, అమాత్ పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కార్డ్‌లుగా విభజించి, వాటికి 1 నుంచి 12 వరకు అంకెలు వేసి, అన్నిటినీ ఒక చక్రంలో అమర్చి చూపాడు. ఒక పాటను ఒక శ్రుతిలో వాయించడం వచ్చినవాడు ఆ చక్రంలో అంకెలను జరుపుకొంటూ పోతే అదే పాటను పాడేవారి గొంతుకు తగిన మరో శ్రుతిలో వాయించగలడు. ఆస్థానాలతోగాని ప్రధానాలయాలతోగాని సంబంధం లేని ఒక పల్లెటూరి వైద్యుడు రూపొందించిన ఈ పద్ధతి 18వ శతాబ్దం దాకా పదేపదే పునర్ముద్రణ పొందింది. ఆ కాలపు ప్రముఖ విద్వాంసుల గ్రంథాలలో చాలావాటికి ఆ ఆయుర్దాయం దక్కలేదు.

ఇటలీలో ఇదే అవసరానికి మరో మార్గం దొరికింది. జిరోలమో మోంతెసార్దో 1606లో ఫ్లోరెన్స్‌లో ప్రచురించిన పుస్తకపు శీర్షికలోనే, అంకెలూ స్వరచిహ్నాలూ లేకుండా, గురువు అక్కరలేకుండా ఎవరికి వారే నేర్చుకోవచ్చునన్న హామీ కనిపిస్తుంది. ఆయన వాడిన పద్ధతి పేరు అల్ఫబేతో. అందులో ఒక్కొక్క అక్షరం ఎడమచేతి వేళ్ల ఒక్కొక్క అమరికకు గుర్తు. ఇక్కడ ఏ అనే అక్షరం నేటి ఏ మేజర్ కార్డ్ కాదు, జి మేజర్. బి అంటే సి మేజర్. కూడిక గుర్తు ఈ మైనర్‌కు చిహ్నం. స్వరాల పేర్లతో ఏ సంబంధమూ లేని ఈ గుర్తులకు పక్కన అడ్డగీత ఒకటి గీసి, దాని కిందికి వేలాడే చిన్నగీత చేతిని కిందికి దువ్వాలనీ, పైకి నిలిచిన చిన్నగీత పైకి దువ్వాలనీ సూచించారు. 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇటలీలో అచ్చయిన పాటల పుస్తకాలు అనేకం సాహిత్యపంక్తుల పైన ఈ అక్షరాలను వేసి వెలువడ్డాయి. పాట తెలిసినవాడు అక్షరం చూసి చేయి మార్చుకొంటూ పోవడమే. రాగమేదో, లయ ఎలా సాగాలో అతడికి ముందే తెలిసి ఉండాలి. పుస్తకం చెప్పనిదాన్ని పాడేవాడి జ్ఞాపకం పూరిస్తుందన్న ఈ ఒప్పందం ఔత్సాహిక సంగీతానికి పునాది వంటిది.

1674లో సరగోసాలో గాస్పర్ సాన్స్ ప్రచురించిన బోధనాగ్రంథం తీగలను దువ్వడం, విడివిడిగా మీటడం అనే రెండు మార్గాలనూ సమన్వయించి ఆ యుగానికి శిఖరమైంది. 1800 ప్రాంతాలకు గిటారు ఆరు విడి తీగల వాద్యంగా స్థిరపడి, కచేరీ వేదికల మీద పియానో, వయొలిన్‌లతో సమానమైన గౌరవం కోరుకొన్నప్పుడు, ట్యాబ్లేచర్‌ను వదిలి ఐదుగీతల పాశ్చాత్య స్వరలిపిని స్వీకరించింది. కరుల్లి, సోర్, కర్కాస్సి వంటివారి బోధనాగ్రంథాలు ఆ లిపిలోనివే. గౌరవం దక్కింది గాని, సొంతంగా నేర్చుకొనేవాడికి దారి కష్టమైంది. ఎందుకంటే గిటారు మీద ఒకే స్వరం పలుచోట్ల దొరుకుతుంది: మొదటి తీగను ఊరకే మీటితే పలికే స్వరమే రెండో తీగ ఐదో మెట్టు మీద, మూడో తీగ తొమ్మిదో మెట్టు మీద, నాలుగో తీగ పద్నాలుగో మెట్టు మీద కూడా పలుకుతుంది. కాగితం మీది చుక్క ఈ నాలుగింటిలో ఏది మేలో చెప్పదు, చెప్పడానికి పక్కన మనిషి కావాలి.

అయినా ఔత్సాహికుల ఉత్సాహం తగ్గలేదు. రష్యన్ కులీనుడు నికొలాయ్ మకారొవ్ 1856లో బ్రస్సెల్స్‌లో గిటారు రచనలకూ గిటారు తయారీకీ తన సొమ్ముతో పోటీ ఏర్పాటు చేశాడు. రచనలకు ప్రథమ బహుమతి యోహాన్ కాస్పర్ మెర్ట్జ్‌కు, ద్వితీయం నెపోలియన్ కోస్త్‌కు ప్రకటించారు; ఫలితం వెలువడేనాటికే మెర్ట్జ్ మరణించాడు.

అమెరికాలో తపాలా ద్వారా సరుకులు అమ్మే సంస్థల జాబితాలలో చవక గిటార్లు చేరడంతో, బోధకుడు దొరకని పల్లెలకు కూడా వాద్యం చేరింది. జానపద గాయకుడు పీట్ సీగర్ 1948లో బాంజో అనే వాద్యం మీద ఒక బోధినిని టైపు చేసి, మిమియోగ్రాఫ్ యంత్రం మీద ప్రతులు తీసి పంచినప్పుడు ట్యాబ్లేచర్‌నే ఆశ్రయించాడు; విద్వాంసులు విడిచిపెట్టిన లిపి ఆ విధంగా జానపద గాయకుల చేతుల్లో మళ్లీ చిగురించింది. బ్రిటన్‌లో లానీ డానెగన్ పాడిన ‘రాక్ ఐలండ్ లైన్’ 1956లో సృష్టించిన స్కిఫిల్ ఉరవడి, అంటే చవక గిటార్లతో, ఇంట్లోని సామాన్లతో కూడిన జట్టు సంగీతపు వేడి, వేలాది కుర్రాళ్ల చేత గిటారు పట్టించింది. 1957లో బర్ట్ వీడన్ ప్రచురించిన ‘ప్లే ఇన్ ఎ డే’ వారిలో అనేకులకు ఏకైక గురువైంది.

ఈ కాలంలో విద్య ఎలా చేతులు మారిందో చూపడానికి బి సెవెన్త్ అనే కార్డ్ చక్కని ఉదాహరణ. ఈ మేజర్ శ్రుతిలో పాడే సాధారణ రాక్ పాటకు ఈ, ఏ, బి సెవెన్త్ అనే మూడు కార్డ్‌లు చాలు. మొదటి రెండూ తేలిక. మూడోదానికి నాలుగో తీగ మొదటి మెట్టును చూపుడువేలితో, ఐదో తీగ రెండో మెట్టును నడిమివేలితో, మూడో తీగ రెండో మెట్టును ఉంగరపువేలితో, మొదటి తీగ రెండో మెట్టును చిటికెనవేలితో నొక్కి, రెండో తీగను ఊరకే వదిలి, ఆరో తీగను తాకకుండా వాయించాలి. ఈ కార్డ్ తెలిసిన వ్యక్తి ఒకడున్నాడని విని, తామందరూ బస్సెక్కి లివర్‌పూల్ అవతలి కొసకు వెళ్లి నేర్చుకొని వచ్చామని బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్నీ పలుమార్లు చెప్పాడు. రెండు కార్డ్‌ల మీద ఆగిపోయిన పాటలన్నీ ఆ ఒక్క ప్రయాణంతో పూర్తయ్యాయంటే, ఒక్క అమరికను పంచుకోవడం విలువ ఎంతో ఊహించవచ్చు.

మనిషి దొరకనప్పుడు గ్రామఫోన్ రికార్డే గురువు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డును 16⅔ చుట్ల వేగంతో తిప్పితే సంగీతం సగం వేగానికి తగ్గి, స్థాయి సరిగ్గా ఒక అష్టకం కిందికి దిగుతుంది. స్వరాల పరస్పర సంబంధం చెడదు. కాబట్టి వడిగా సాగే వాదనను ముక్కలు ముక్కలుగా విని వేళ్లకు ఎక్కించుకోవడం వీలయ్యేది. విన్నదాన్ని నోట్‌బుక్‌లో ఆరు గీతలు గీసి అంకెలతో రాసుకోవడం అక్కడినుంచి అలవాటైంది.

కంప్యూటర్లు దూరంనుంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన కాలంలో వాటి మధ్య తేలికగా పంపగలిగినవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొద్దిపాటి గుర్తులు మాత్రమే. ఐదుగీతల స్వరలిపిని ఆ గుర్తులతో రాయడం దాదాపు అసాధ్యం. ట్యాబ్లేచర్‌కు మాత్రం అడ్డగీతలు వరుసగా కొడితే తీగ ఏర్పడుతుంది, మధ్యలో అంకె వేస్తే మెట్టు తెలుస్తుంది. అక్షరాలన్నీ ఒకే వెడల్పు గల అచ్చులో చూసినంతవరకు వరుస చెదరదు. ఈ సౌలభ్యం వల్లనే 1992లో ప్రారంభమై, లాస్ వేగాస్‌లోని నెవడా విశ్వవిద్యాలయపు కంప్యూటర్‌లో నిలువచేసిన ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్‌కు లోకం నలుమూలలనుంచి ఔత్సాహికులు తాము విని రాసుకొన్న పాటలను పంపారు. 1996లో ఇ.ఎం.ఐ. సంగీత ప్రచురణ సంస్థ అభ్యంతరంతో విశ్వవిద్యాలయం ఆ నిలువను తొలగించింది. 1998లో ప్రచురణకర్తల పక్షాన అనుమతులు ఇచ్చే హ్యారీ ఫాక్స్ ఏజెన్సీ, 2006లో ప్రచురణకర్తల సంఘాలు మళ్లీ అడ్డుపడగా, అప్పటిదాకా వేరే చోట కొనసాగిన ఆ భాండారం మూతపడింది. పాట కట్టినవారి హక్కు కాదనలేనిది. కాని ఆ ఫైళ్లలో అధికభాగం అచ్చుపుస్తకాల నకళ్లు కావు, ఒక్కొక్కరు చెవులు రిక్కించి విని, తప్పో ఒప్పో తమకు తోచినట్లు రాసినవి. వాటిని దొంగసరుకుతో సమానం చేయడం చరిత్ర దృష్ట్యా అన్యాయమనే చెప్పాలి. 2010లో ఒక పెద్ద ట్యాబ్లేచర్ సేకరణ అదే హ్యారీ ఫాక్స్ ఏజెన్సీ నుంచి లైసెన్సు పొందింది. ఆ ఏర్పాటు పదేళ్ల ముందే జరిగి ఉంటే చాలా సంపద నిలిచేది.

2005లో యూట్యూబ్ రావడంతో గుర్తుల స్థానంలో చేయే కనిపించసాగింది. ఐరోపా స్వరకర్త పాఖెల్‌బెల్ రచనకు తైవాన్ గిటారిస్టు జెర్రీ సి చేసిన రాక్ రూపాన్ని, టోపీ నీడలో ముఖం కనిపించకుండా తన గదిలో వాయించిన కొరియా యువకుడు లిమ్ జియాంగ్ హ్యున్ కూడా చాలావరకు స్వయంగా నేర్చుకొన్నవాడే. ఒకరి కూర్పును మరొకరు చూసి నేర్చి, మళ్లీ లోకానికి చూపడం అప్పటినుంచి నిత్యకృత్యమైంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని చర్చి గాయకబృందాలలో, కళాశాల వసతిగృహాలలో గిటారు నేర్చినవారు తెలుగు పాటల పంక్తుల పైన కార్డ్‌ల పేర్లు రాసుకొన్న నోట్‌బుక్‌లు, జిరాక్సు ప్రతులు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఇటలీ పాటల పుస్తకాలను అక్కడి గ్రంథాలయాలు భద్రపరిచాయి. ఈ నోట్‌బుక్‌లకు మాత్రం ఇంతవరకు ఇల్లు తప్ప వేరే ఆశ్రయం లేదు. తెలుగు పాటను పాశ్చాత్య కార్డ్‌లతో మొదట ఎవరు ఎలా జతకలిపారో తెలిపే ఆధారాలు అవే కనుక, వాటిని పాతకాగితాల బండికి వేయకుండా, మన విశ్వవిద్యాలయాల సంగీతశాఖలు అడిగి సేకరించి, కనీసం ఫొటోలైనా తీసి దాచడానికి పూనుకోవాలి.