బందరు గ్రహణమును నక్షత్రనిర్మోకమును

క్షయింపనిది గావున నక్షత్రమని వైయాకరణులు వ్యుత్పత్తి చెప్పుదురు. కాని మహానక్షత్రములు క్షయించుటయే గాక, వార్ధకమున సర్పము కుబుసమును విడుచునట్లు పైపొరలను విడుచునని జ్యోతిశ్శాస్త్రజ్ఞుల నిర్ణయము. సర్పరూపుఁడగు సుబ్రహ్మణ్యేశ్వరుఁడు వెలసిన మోపిదేవి ప్రాంతమువారి కీ యుపమానము క్రొత్తగాదు. ఆ నిర్ణయమునకుఁ గృష్ణాతీరముతోఁ గల సంబంధమును జూపుటయే యీ వ్యాసోద్దేశము.

1867 వ సంవత్సరమునఁ బారిసు వేధశాలయందు వుల్ఫు, రాయె యనువారు హంసమండలమున మూఁడు వింతనక్షత్రములను గనుఁగొనిరి. సామాన్యనక్షత్రముల వర్ణపటమున నల్లని గీతలు మిక్కుటముగా నుండును. వీనియందు వెడల్పయిన ప్రకాశరేఖ లుండెను. కారణ మప్పు డెవ్వరికిని దెలియదు.

మఱుసటియేఁడు, 1868 ఆగష్టు 18 వ తేదీని, సంపూర్ణసూర్యగ్రహణచ్ఛాయ మన సీమమీఁదుగాఁ జనెను. గుంటూరున ఫ్రెంచిపండితుఁడు జాన్సెనును, బందరున మదరాసు వేధశాలాధికారి పోగ్సనును సూర్యుని వర్ణపటమును బరిశీలించిరి. రాయెయు మలయద్వీపకల్పమున నా గ్రహణమునే చూచెను. సూర్యుని యంచునఁ బైకెగయు జ్వాలలలోఁ బసుపుపచ్చని గీత యొకటి యగపడెను. దానిని గుర్తించినవారిలోఁ బోగ్సను ఒకఁడు. ఆ యక్టోబరులో నింగ్లండున లాకియరు దానిఁ గొలిచి, యది సోడియముగీత గాదని నిశ్చయించెను. ఆ క్రొత్తపదార్థమునకు సూర్యుని గ్రీకునామమునుబట్టి హీలియమని పేరిడిరి. 1895 లో రామ్సే దానిని భూమియందును గనుఁగొనెను. ఈ కథయందు గుంటూరు స్మరింపఁబడునంతగా బందరు స్మరింపఁబడదు. ఇది పూరింపవలసిన కొఱఁత.

ఆ వింతనక్షత్రముల రేఖలలోఁ బెక్కులు హీలియమువే. రేఖల వెడల్పునకు నలుదెసలఁ జిమ్మఁబడు వాయువే కారణమని 1929 లో బీల్సు వివరించెను. మహానక్షత్రగర్భమున హైడ్రొజను హీలియముగా మాఱును. తనకాంతియొక్క యొత్తిడిచేతనే పైవాయువు సెకండునకు 1000 మొదలు 3000 కిలోమీటర్ల వేగమున వెడలిపోవును. సుమా రొక లక్ష యేండ్లలో సూర్యునంత ద్రవ్యము తఱిఁగిపోఁగలదు. ఒక్కొకచోఁ దోడినక్షత్ర మా పొరను లాగికొనును. అంతట లోపలి హీలియము బయల్పడును. పాము కుబుసము విడిచి పెరుగును. నక్షత్రము తఱుఁగుటయే కాని పెరుగుట లేదు.

హైదరాబాదు నిజామియా వేధశాలోద్యోగి కుమారుఁడై, యా నగరమునఁ బెరిగిన వైణుబాప్పు (1927–1982) ఈ జాతి నక్షత్రములయందు విశేషకృషి చేసెను. 1967 లోఁ గొడైకెనాలున గణేశుతోఁ గూడి, దక్షిణాకాశమందలి గామా వెలోరము నక్షత్రద్వయమునకుఁ బరిభ్రమణకాలము సుమారు 78½ దినములని తేల్చెను. ఫాల్గుణరాత్రులందు మోపిదేవినుండి దక్షిణమునకుఁ జూచినచో, దిగంతమునకు సుమారు 27 భాగల యెత్తున నది కంటికే కనఁబడును.

కావున విద్యార్థులకు నక్షత్రశబ్దమును బోధించునపుడు, గత్యర్థకధాతువునుండి యాస్కుఁడు నిరుక్తమునఁ జెప్పిన వ్యుత్పత్తినిఁ గూడఁ జెప్పుట మేలు. వస్తుస్థితి కదియే చేరువ.