కృష్ణబిలమునకు వేడిమి కలదా?

ఎండవేడిమిని గూర్చి అనంతపుర మండలము వారికి వేరుగ చెప్పనక్కర లేదు. అయినను ఒక చిన్న సంగతి మనవి చేసెదను. కాగిన నీటిలో చన్నీరు పోసినచో గోరువెచ్చనగును. ఆ నీరు తనంత తాను వేడిగను చల్లగను మరల విడిపోదు. ఇట్లు వెనుకకు తిరుగని మార్పునకు కట్టిన లెక్కకు 1865లో జర్మను పండితుడు క్లాసియస్ ఎంట్రోపీ యని పేరిడెను. మొత్తము మీద ఈ పద్దు పెరుగునే గాని తరుగదు.

మహానక్షత్రము తన బరువును తానే మోయజాలక కుంగినప్పుడు కృష్ణబిలము పుట్టును. దాని చుట్టును దిగంతమను పొలిమేర గలదు. అది దాటినది వెలుతురైనను మరలి రాదు. సూర్యునంత బరువు గల కృష్ణబిలమునకు ఆ పొలిమేర నడిమినుండి సుమారు 3 కిలోమీటర్ల దూరము.

వేడి పానీయమును చల్లనిదానితో కలిపి ఆ బిలమున పారవైచినచో ఎంట్రోపీ లెక్క చెరిగిపోవదా? అమెరికాలో వీలర్ పండితుడు తన శిష్యుడు బెకెన్‌స్టైన్‌ను ఇట్లు ప్రశ్నించెను. లెక్క చెరుగదనియు, పొలిమేర వైశాల్యమే ఆ పద్దును తెలుపుననియు శిష్యుడు 1972, 73 సంవత్సరములలో సమాధానమొసగెను.

ఆ వైశాల్యము తరుగదని 1971లో నిరూపించిన హాకింగే ఈ మాటను మొదట ఆక్షేపించెను. ఎంట్రోపీ యున్నచో వేడిమి యుండవలెను. వేడిమి యున్నచో కొంతయైనను వెలువడవలెను. ఏదియు వెలికి రాని బిలమునకు వేడిమి యెక్కడిది? ఇది బలమైన పూర్వపక్షము. కాని 1974లో ఆయనయే క్వాంటం నియమములతో గణించి, కృష్ణబిలము వేడిని వెలువరించునని సిద్ధాంతీకరించెను. సూర్యునంత బరువు గల దానికి ఆ వేడిమి పరమశూన్యముపై డిగ్రీలో కోటిన్నరవ వంతుకన్న తక్కువ. కావున ఆకాశమునందలి ఏ కృష్ణబిలమునందును దానిని నేటివరకు ఎవరును కొలువలేదు. వేగము హెచ్చుచు వ్యాకోచించు విశ్వమునకు గల పొలిమేరకును ఇట్టి వేడిమి కలదని 1977లో గిబ్బన్స్, హాకింగ్‌లు చూపిరి.

వేడిమి చేతికి చిక్కకున్నను, వైశాల్యపు మాటకు సాక్ష్యము దొరకినది. దానికి దారి చూపినవారిలో మన పొరుగున బెంగుళూరులో జన్మించిన విశ్వేశ్వర ఒకరు. కదలింపబడిన కృష్ణబిలము కొట్టిన గంటవలె మ్రోగి అణగునని ఆయన 1970లో గణించి చూపెను. సుమారు 130 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఒకటైనప్పటి అలలు 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరములకు అందెను. ఆ అలల మొదటి భాగమును, తుది మ్రోతను 2021లో పరిశోధకులు సరిపోల్చిరి. కలియుటకు ముందున్న రెండింటి మొత్తము వైశాల్యముకంటె కలిసినదాని వైశాల్యము తగ్గలేదని నూటికి 95 పాళ్ల నమ్మకముతో తేల్చిరి.

అయితే కృష్ణబిలము వేడిని వెలువరించుచు కడకు క్షయించిపోయినచో, లోపల పడినవాని వృత్తాంతము ఏమగును? 1976లో హాకింగ్ లేవదీసిన ఈ ప్రశ్నకు పండితులందరు ఒప్పిన సమాధానము ఇంకను రాలేదు. వాదము సాగుచున్నది.